ఫ్లాష్ మెరిసింది... అంకె మాయమైంది!

"పెద్దమ్మా, అమ్మ బుడగలు ఏవీ?"

మా చెల్లెలి కొడుకు ఆ మాట అడిగేసరికి నా గుండె గుభేలుమంది. వాడికి ఎనిమిదేళ్ళు. పడవ అంచున కూర్చుని, నీళ్ళ మీదికి తేలే గాలి బుడగల్ని చూస్తూ ఉండడం ఆ మూడు రోజులూ వాడి కాలక్షేపం. బుడగలు వస్తున్నాయంటే కింద వాళ్ళమ్మ ఊపిరి పీలుస్తున్నట్టు లెక్క. అంత చిన్నవాడికి ఈ లెక్క ఎవరు నేర్పారో గానీ, పక్కన కూర్చున్న నాకూ అదే పట్టుకుంది.

"అదిగో బాబూ, అటేపు" అని పడవ నడిపే అతను రెండో పక్కకి చూపించాడు. నీటి వాలుకి వాళ్ళు అటు జరిగారట. ప్రాణం లేచొచ్చింది. అయినా మనసు కుదుటపడలేదు. అరగంటలో వస్తామని చెప్పి దిగారు. నా వాచీలో ముప్ఫై ఎనిమిది నిమిషాలైంది.

మరో రెండు నిమిషాలకి రెండు తలలు పైకి వచ్చాయి. మా చెల్లెలు ముందుగా కెమెరా పైకి అందించింది. ఎప్పుడూ పైకి రాగానే "అక్కా, ఏం దొరికిందో చూడూ!" అని అరిచే పిల్ల, ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాత్రి గదిలో పిల్లాడు నిద్రపోయాక, "అమ్మకి చెప్పనంటే ఒక మాట చెప్తాను" అంది.

ఇప్పుడు అమ్మకీ తెలుసు, చెల్లే స్వయంగా చెప్పింది. అది సరేనన్నాకే నేనిది రాస్తున్నాను.

వాచీ కాదు, కంప్యూటరే!

మాది కాకినాడ. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు, చెల్లెలికి తప్ప. అది చెన్నైలో ఉద్యోగం చేసుకుంటోంది. నాలుగేళ్ళ కిందట అండమాన్ వెళ్ళి డైవింగ్ నేర్చుకుంది. ఆ తర్వాత నీటి అడుగున ఫొటోలు తియ్యడం మొదలెట్టింది. జీతంలో మిగిలిందంతా ఆ కెమెరాకే. "ఆ డబ్బుతో నాలుగు కాసుల బంగారం వచ్చేది" అని అమ్మ ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

ఈ ఏడాది మావారు సెలవు పెట్టి మా పిల్లల్ని చూసుకుంటానంటే, నేను చెల్లెలితో హేవ్‌లాక్ దీవికి బయల్దేరాను. 2018లో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు గానీ, అక్కడ అందరి నోటా ఇంకా పాతపేరే. వాళ్ళబ్బాయిని పడవలో చూసుకోవడం నా డ్యూటీ. తెలుగు వినిపిస్తుందా అని బెంగపడ్డాను గానీ అక్కడ తెలుగువాళ్ళకి కొదవే లేదు. చెల్లెలితో నీళ్ళలోకి దిగే శిక్షకుడి తాతలది శ్రీకాకుళం జిల్లా. అతను పుట్టి పెరిగింది దీవుల్లోనే అయినా, యాస మాత్రం తాతగారిదే!

మొదటిరోజు దాని సరంజామా చూసి ముక్కు మీద వేలేసుకున్నాను. వీపున సిలిండర్. అందులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటాం కదా మనం? కాదట. మామూలుగా వాడేది మనం పీల్చే గాలే, రెండువందల బార్‌ల దాకా ఒత్తి నింపుతారు. గాలి సీసా మోసుకుంటూ స్వేచ్ఛగా తిరిగే ఈ పద్ధతిని 1943లో ఫ్రాన్స్‌లో కూస్టో, గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు.

చేతికి వాచీ లాంటిది ఒకటి. "ఇది డైవ్ కంప్యూటరక్కా" అంది. ఎంత లోతున ఉన్నాం, ఎంతసేపైంది, ఇంకా ఎంతసేపు ఉండొచ్చు - అన్నీ చెబుతుందట. లోతుకి వెళ్ళేకొద్దీ మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో ఎక్కువెక్కువగా కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే అది బుడగలు కట్టి కీళ్ళకీ, నరాలకీ ముప్పు తెస్తుంది. గోలీసోడా కొట్టగానే బుస్సున బుడగలు లేస్తాయి చూశారా, అలాగన్న మాట. అందుకే మెల్లగా రావాలి. పైకి వచ్చే ముందు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఈ లెక్కలన్నీ ఒకప్పుడు పట్టికలు చూసి వేసుకునేవారు. 1980లలో కంప్యూటర్లు బజారులోకి వచ్చాక ఆ బాధ తగ్గింది.

చెల్లెలి కంప్యూటర్‌లో ఇంకో విశేషం ఉంది. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో కూడా అందులోనే కనిపిస్తుంది, మధ్యలో తీగా లేదు, గొట్టమూ లేదు. సిలిండర్ నోటి దగ్గర బిగించే రెగ్యులేటర్‌కి బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ తగిలిస్తారు. అది కొన్ని సెకన్లకొకసారి లోపలి ఒత్తిడిని రేడియో సంకేతంగా చేతికున్న కంప్యూటర్‌కి పంపుతుంది. 1990ల మొదట్లోనే ఇలాంటివి వచ్చాయట.

గొట్టం ఎందుకు దండగ?

ఇక పాతకాలపు పద్ధతి ఏమిటంటే, రెగ్యులేటర్ నుంచి ఒక రబ్బరు గొట్టం, దాని చివర ముల్లు తిరిగే మీటరు. సైకిల్ షాపులో గాలి కొలిచే మీటరు లాంటిదే. చెల్లెలికి అదీ ఉంది. కానీ అదంటే దానికి చిరాకు. "కెమెరాకి అడ్డం వస్తుంది, వేలాడి పగడాలకి రాసుకుంటుంది. చేతిమీదే అంకె కనిపిస్తుంటే ఇంకా ఈ గొట్టం ఎందుకు దండగ?" అని, మొదటిరోజే దాన్ని విప్పించెయ్యబోయింది.

శిక్షకుడు ఒప్పుకోలేదు. "ఏటమ్మా, అది తీసెత్తారేటి? తీసెత్తే నా పడవెక్కొద్దు" అన్నాడు నవ్వుతూనే. నవ్వుతూ అన్నా మాట గట్టిదే. చెల్లి మూతి ముడుచుకుని గొట్టాన్ని నడుం దగ్గర క్లిప్పుకి తగిలించింది.

అసలు ఆ కెమెరాకి చేసే సేవ చూడాలి మీరు! కెమెరా చుట్టూ నీళ్ళు చొరని గట్టి పెట్టె, దాన్ని హౌసింగ్ అంటారు. దాని మూతకి సన్నటి రబ్బరు రింగు. రోజూ రాత్రి ఆ రింగు తీసి, తుడిచి, వేలితో సిలికాన్ గ్రీజు రాసి, దీపం దగ్గర పెట్టి చూసేది. ఇసుక రేణువు గానీ, తలవెంట్రుక గానీ ఒక్కటి ఇరుక్కుంటే చాలు, నీళ్ళు దూరి కెమెరా నాశనం. పెట్టెకి రెండు పక్కలా పీతకాళ్ళలా రెండు చేతులు, వాటి చివర రెండు ఫ్లాష్‌లు. వాటిని స్ట్రోబ్‌లు అంటారు.

"పట్టపగలు ఫ్లాష్ ఎందుకే?" అని అడిగాను. నీళ్ళు ముందుగా మింగేది ఎరుపు రంగునేనట. ఎర్రచీర కట్టుకుని పదిమీటర్లు దిగితే అది మట్టిరంగులో కనిపిస్తుందట. అంతా నీలం, ఆకుపచ్చ. ఫ్లాష్ వెలిగిన ఆ క్షణంలోనే చేపల ఎరుపూ, పగడాల నారింజా బయటపడతాయి. కాబట్టి నీళ్ళలో ఫొటోకి ఫ్లాష్ ప్రాణం.

ఆ ప్రాణమే ఈ ప్రాణానికి అడ్డొచ్చింది మరి.

ఆ పది నిమిషాలు

మూడోరోజు. పద్దెనిమిది మీటర్ల లోతు. అంటే ఆరంతస్తుల మేడంత. ఒక రాతి కింద లయన్‌ఫిష్ కనిపించింది. రెక్కలు విసనకర్రలా విప్పుకుని కదలకుండా నిలబడింది. చెల్లి కంప్యూటర్ చూసుకుంది. నూటపది బార్‌లు. డెబ్బైకి రాగానే పైకి బయల్దేరాలని, పైకి వచ్చేసరికి యాభై మిగలాలని ముందే అనుకున్నారు. ఇంకా బోలెడు ఉందనుకుని ఫొటోలు మొదలెట్టింది.

కొన్ని తీశాక మళ్ళీ చేతివైపు చూసింది. అంకె లేదు! దాని స్థానంలో రెండు గీతలు. లోతు కనిపిస్తోంది, టైము కనిపిస్తోంది, గాలి అంకె ఒక్కటే లేదు. లోతు కొలిచే యంత్రం చేతిమీదున్న కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి అది పోదు. గాలి లెక్క మాత్రం వీపు వెనకనించి సంకేతంగా రావాలి. అది రాలేదు.

"ముందురోజుల్లో కూడా ఒకటి రెండుసార్లు అలా పోయి వచ్చిందక్కా. ఇప్పుడూ వస్తుందిలే అనుకున్నాను" అంది. ఇంకో ఫొటో తీసింది. చూసింది. గీతలే. మరొకటి. గీతలే. మధ్యలో అంకె వచ్చే ఉంటుంది, ఇది చూసిన ప్రతిసారీ మాత్రం ఫ్లాష్ కొట్టిన మరుక్షణమే! కళ్ళు కెమెరాలో, మనసు చేపలో. గాలి కొలిచే మీటరు నడుం దగ్గర వేలాడుతూనే ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టు, దాన్ని ముట్టుకోనే లేదు.

శిక్షకుడు వచ్చి భుజం తట్టాడు. గాలి ఎంతని చేత్తో అడిగాడు. ఇది కంప్యూటర్ చూపించింది. అతను తల అడ్డంగా ఊపి, దాని నడుం దగ్గరున్న మీటరు తీసి కళ్ళముందు పెట్టాడు.

అరవై.

పది నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి. పద్దెనిమిది మీటర్ల దగ్గర ఒత్తిడి నేలమీదకంటే దాదాపు మూడురెట్లు. అంటే ఒక్కో ఊపిరికి మూడురెట్ల గాలి ఖర్చు. ఇంట్లో కూర్చుని పది నిమిషాలంటే ఏముంది? అక్కడ అది అరగంట గాలి. మెల్లగా పైకి వచ్చి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, నీటి పైకి తేలేసరికి మిగిలింది నలభై. ప్రమాదం జరగలేదు. పక్కన అతనున్నాడు, అతని దగ్గర గాలి ఉంది. కానీ అతను ఆ నిమిషంలో భుజం తట్టకపోతే? ఇంకో పది నిమిషాలు ఆ చేపే కనిపిస్తుంటే?

"పైన వాడు బుడగలు లెక్కపెడుతున్నాడని నాకు తెలుసక్కా" అని ఏడ్చింది.

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పొద్దూ, చెయ్యి ఎత్తబోయాను కూడా. రబ్బరు రింగుకి అరగంట పెట్టే మనిషి, తన ఊపిరికి అరనిమిషం పెట్టలేకపోయిందా?

మిక్సీ వేస్తే రేడియో బరబర

మర్నాడు పడవలో శిక్షకుడు మాకో పరీక్ష చేసి చూపించాడు. సిలిండర్ తిప్పగానే కంప్యూటర్‌లో అంకె వచ్చింది. దాని పక్కనే ఫ్లాష్ పెట్టి కొట్టమన్నాడు. ఒక్కోసారి అంకె పోయి గీతలు వచ్చాయి, ఒక్కోసారి పోలేదు. ఫ్లాష్‌ని బారెడు దూరం జరిపి కొడితే ఏమీ కాలేదు. మా వాడికి అది భలే ఆటగా ఉంది. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది.

మన ఇళ్ళలో మిక్సీ వేస్తే పక్కనున్న పాత రేడియో బరబరమనేది గుర్తుందా? ఇదీ అంతే. ఫ్లాష్‌లో చిన్న బ్యాటరీలు ఉంటాయి. అంత వెలుగు అవి నేరుగా ఇవ్వలేవు. అందుకని లోపల కెపాసిటర్‌లో కొన్ని వందల వోల్టుల కరెంటు నింపుకుని, ఒక్క రెప్పపాటులో వదిలేస్తుంది. వెంటనే మళ్ళీ నింపుకోవడం మొదలెడుతుంది. వదిలేటప్పుడూ, నింపుకునేటప్పుడూ చుట్టూ విద్యుత్ రొద పుడుతుంది. ట్రాన్స్‌మిటర్ పంపేది చాలా బలహీనమైన సంకేతం. సెల్‌ఫోన్ వాడే రకం రేడియో తరంగాల్ని ఉప్పునీళ్ళు ఇట్టే మింగేస్తాయి కాబట్టి, ఇవి బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి. అదీ మీటరు, ఆ పైన కొంచెం దూరం వరకే. ఆ సన్నటి గొంతు పక్కన ఫ్లాష్ మిక్సీలా మోగితే ఇంకేం వినిపిస్తుంది?

దానికితోడు ఫొటో తీసేవాళ్ళు నిలబడే తీరు ఒకటి. రెండుచేతులూ ముందుకి బారజాపి కెమెరా పట్టుకుంటారు. ట్రాన్స్‌మిటర్ మెడ వెనక. కంప్యూటర్ దానికి దూరంగా, ఫ్లాష్‌కి దగ్గరగా జరుగుతుంది. అంటే యంత్రంలో లోపం ఏమీ లేదు. ఫ్లాష్‌లు దగ్గరగా ఉంటే సంకేతం పోవచ్చని ఈ కంప్యూటర్లతో వచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుందట. చెల్లి కెమెరా పుస్తకం మూడుసార్లు చదివింది. రెండో పుస్తకం పెట్టెలోంచి తియ్యలేదు!

ముప్ఫై ఆరు ఫొటోల కాలం

నీళ్ళలో కెమెరా పట్టిన ఆడవాళ్ళలో ఇది మొదటిదేం కాదు. వియన్నాకి చెందిన లోటే హాస్, హాన్స్ హాస్ అనే సముద్ర పరిశోధకుడి దగ్గర సెక్రటరీగా చేరింది. ఆడపిల్లకి అక్కడ చోటెక్కడిదన్న రోజుల్లో, 1950లో ఎర్రసముద్రానికి ఆ బృందంతో వెళ్ళి సొరచేపల మధ్య పనిచేసింది. 1951లో వచ్చిన ఆ సినిమాకి వెనిస్ ఉత్సవంలో బహుమతి దక్కింది. ఆస్ట్రేలియాకి చెందిన వాలరీ టేలర్, భర్త రాన్‌తో కలిసి తీసిన సొరచేపల దృశ్యాలు 'జాస్' సినిమాలో ఉన్నాయి.

వాళ్ళకి ఇంత సరంజామా లేదు. ఒక్క విషయంలో మాత్రం వాళ్ళ కాలమే నయమేమో అనిపిస్తుంది. నీళ్ళలో నేరుగా వాడే నికోనోస్ కెమెరా 1963లో వచ్చింది. అందులో మామూలు ఫిల్ము రీలే. ముప్ఫై ఆరు ఫొటోలు. అయిపోతే అయిపోయినట్టే, పైకి రావాల్సిందే. ఫిల్ము నిండుకోవడమే ఒక హెచ్చరిక. ఇప్పటి కెమెరాలో వేల ఫొటోలు పడతాయి. అది ఎప్పుడూ చాలనదు. చాలనుకోవాల్సింది మనమే.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఉంటే...

ఇప్పుడు విశాఖలోనూ డైవింగ్ నేర్పుతున్నారు. మన పిల్లలు కెమెరాలు పట్టుకుని దిగుతున్నారు. శిక్షకుడు చెప్పినవీ, చెల్లి అనుభవంలో తెలుసుకున్నవీ ఇవి:

• చేతిమీద అంకె కనిపిస్తున్నా, గొట్టం మీటరు తీసెయ్యకూడదు. వేలాడకుండా క్లిప్పు పెట్టుకోవాలి. చేత్తో తడిమితే దొరికేచోట ఉండాలి.

• ట్రాన్స్‌మిటర్ ఏ పక్క ఉందో, ఆ పక్క చేతికే కంప్యూటర్ పెట్టుకుంటే సంకేతం బాగా అందుతుంది.

• ఫ్లాష్ కొట్టిన మరుక్షణం కాకుండా, కొన్ని సెకన్లు ఆగి, ఆ చెయ్యి భుజం దగ్గరికి తెచ్చి చూడాలి. అప్పటికీ గీతలే ఉంటే ఫొటోలు ఆపి మీటరు చూడాలి. తర్వాత చూద్దాం అనుకోకూడదు.

• ఫ్లాష్‌లని చేతికి దగ్గరగా కాకుండా బయటికి చాపి ఉంచితే, సంకేతానికీ మంచిది, నీళ్ళలోని నలుసులు ఫొటోలో తెల్లచుక్కల్లా పడడమూ తగ్గుతుంది.

• సిలిండర్ ఎత్తేటప్పుడు ట్రాన్స్‌మిటర్‌ని పిడిలా పట్టుకుంటారు కొందరు. అది విరుగుతుంది. పడవలో అందరికీ ముందే చెప్పాలి. దాని బ్యాటరీ బాగుందో లేదో దిగేముందే చూసుకోవాలి.

• ఒకే పడవలో ఇద్దరి ముగ్గురికి ఇలాంటివే ఉంటే, తన కంప్యూటర్ తన ట్రాన్స్‌మిటర్‌తోనే జతపడిందో లేదో సరిచూసుకోవాలి.

• ఫొటో తీసేవాళ్ళకి జోడీగా ఫొటోలు తియ్యని మనిషి ఉంటే మంచిది. ఒకరి కళ్ళు కెమెరాలో ఉన్నప్పుడు రెండోవాళ్ళ కళ్ళు మీటరు మీద ఉంటాయి.

2020లో గార్మిన్ కంపెనీ రేడియోకి బదులు ధ్వని తరంగాలతో గాలి లెక్క పంపే రకం తెచ్చింది. అది ఇంకా ఎక్కువ దూరం అందుతుంది. రేపు మరొకటి వస్తుంది. ఎన్ని వచ్చినా, చూడాల్సింది మాత్రం మన కళ్ళే కదా!

మానెయ్యమనలేదు

కాకినాడ వచ్చాక చెల్లి అమ్మకి అంతా చెప్పింది. అమ్మ దాన్నేమీ అనలేదు, నా మీద విరుచుకుపడింది. "పెద్దదానివి, పక్కనే ఉన్నావు, మానెయ్యమని చెప్పలేకపోయావా?" అని.

చెప్పాలనే అనుకున్నాను. ఆ రాత్రంతా అదే ఆలోచన. తెల్లారాక మాత్రం నోరు రాలేదు. పెళ్ళయ్యాక పదిహేనేళ్ళు నా కథల్ని బీరువాలో చీరల కింద దాచినదాన్ని. ఎవరూ మానెయ్యమనలేదు, అయినా మానేశాను. ఆ వెలితి ఏమిటో నాకు తెలుసు. ఎర్రటి చేప ఫొటో చూపిస్తూ చెల్లి ముఖం వెలిగిపోవడం నేను చూశాను. దాన్ని మానెయ్యమనే హక్కు నాకు లేదనిపించింది. రెండో మీటరు చూసుకోమనే హక్కు మాత్రం ఉంది.

"అమ్మా, మనింట్లో గ్యాస్ సిలిండర్లు రెండు ఎందుకు?" అని అడిగాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండోది ఉందిగా అని మొదటిది చూడ్డం మానెయ్యొద్దని దానితో చెప్పు. రెండోది నిండుగా ఉందో లేదో కూడా చూసుకోమను. మొన్న మీ నాన్న ఖాళీదే తెచ్చి పెట్టారు" అంది.

అసలైన మాట మాత్రం మావాడిది. ఆ దీవిలో చివరిరోజు చెల్లి మళ్ళీ దిగింది. నేను వద్దనలేదు. అన్నీ తగిలించుకుని పడవ అంచున కూర్చుంది. వాడు దగ్గరికి వెళ్ళి, నడుం దగ్గరున్న మీటరు తీసి చూశాడు. చెయ్యి పట్టుకుని కంప్యూటర్ కూడా చూశాడు.

"రెండూ రెండువందలే ఉన్నాయమ్మా. ఇంక వెళ్ళు" అన్నాడు.

ఆ రోజు అది చెప్పిన టైముకంటే మూడు నిమిషాలు ముందే పైకి వచ్చింది. ఫొటోలు పదకొండే తీసిందట.